పన్నెండేళ్ల గడువు

మన సంఘంలో వైద్యులం, ఇంజనీర్లం ఎక్కువ. పరిశోధకులూ లేకపోలేదు గానీ, ఏడాదికో రెండేళ్లకో ఊరు మారే వాళ్ల చిరునామా మన జాబితాలో నిలవదు. దీని వెనక చరిత్ర ఉంది.

పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ విశ్వవిద్యాలయాల్లో, డాక్టరేటు తర్వాత హబిలిటేషన్ కూడా నెగ్గినవారిని ప్రివాట్‌డోజెంట్ అనేవారు. పాఠం చెప్పే హక్కు ఉండేది, జీతం ఉండేది కాదు. విద్యార్థులిచ్చే ఫీజులు, లేదా ఇంటి ఆస్తి. జీతమివ్వని ప్రభుత్వం పెత్తనం మాత్రం వదల్లేదు. బెర్లిన్‌లో భౌతికశాస్త్రం చెప్పే లియో ఆరోన్స్ సోషల్ డెమోక్రాట్ అయినందుకు ప్రష్యా 1898లో ఏకంగా చట్టమే చేసి, 1900లో ఆయన్ని తొలగించింది. ఈ వృత్తి వట్టి జూదమని 1917లో మ్యూనిక్‌లో మాక్స్ వెబర్ విద్యార్థుల ముందే అన్నాడు.

ఇప్పటి పోస్ట్‌డాక్‌కు జీతం ఉంది, చెడ్డదేమీ కాదు. లేనిది నిలకడ. 2002 నాటి సవరణ, తర్వాత 2007లో వచ్చిన విస్సెన్‌షాఫ్ట్స్‌త్సైట్‌ఫెర్‌ట్రాగ్స్‌గెజెట్స్ (నోరు తిరగకపోతే తప్పు మీది కాదు) డాక్టరేటుకు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు గడువు పెట్టాయి. వైద్యంలో రెండోది తొమ్మిదేళ్లు. పిల్లలుంటే ఒక్కొక్కరికి రెండేళ్లు పొడిగించవచ్చు. ఎడతెగని తాత్కాలిక కాంట్రాక్టులకు హద్దు గీయాలన్నది ఒక ఉద్దేశం. జరిగింది వేరు. గడువు తీరాక, బయటి నిధులేవీ దొరక్కపోతే, శాశ్వతోద్యోగానికి బదులు మనిషినే సాగనంపుతున్నారు.

2018లో కేంద్ర విద్యాశాఖ హన్నా అనే బొమ్మల అమ్మాయితో ఈ చట్టాన్ని మెచ్చుకునే చిన్న చిత్రం తీసింది. ఒకే తరం పదవులన్నిటికీ అడ్డుపడి కూర్చోకూడదట! అక్కడ వాడిన జర్మన్ మాటనే మేము ఆసుపత్రిలో మలబద్ధకానికి వాడతాము. 2021 జూన్‌లో వేలమంది 'నేనే హన్నాని' అంటూ తమ కాంట్రాక్టుల లెక్కలు బయటపెట్టారు.

రసాయనం చదివినవారికి లుడ్విగ్స్‌హాఫెన్, లెవర్‌కూజెన్ ఫ్యాక్టరీలున్నాయి. మాకు ఆసుపత్రులున్నాయి. ప్రాచీన చరిత్రో, సంస్కృతమో పట్టుకున్నవారికి విశ్వవిద్యాలయం దాటితే దారి లేదు. మనవాళ్లకు వీసా కూడా ఆ కాంట్రాక్టుకే ముడిపడి ఉంటుంది. ఆరునెలల కాగితం చూసి ఇంటి యజమానులు వెనకాడతారు. అద్దెకు హామీ సంతకం పెట్టగల స్థిరోద్యోగులు మీలో ఉంటే కార్యదర్శిగారికి ఒక ముక్క రాయండి. మేము ఇప్పటికే రాశాము.