పక్క తడిపే పిల్లలు: మనోవ్యథ కారణమా, ఫలితమా?

అయిదేళ్లు దాటినా పిల్లవాడు నిద్రలో పక్క తడుపుతుంటే మన ఇళ్లలో రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి: ఒళ్లు బద్ధకం, లేదా ఏదో భయం. మొదటిదాన్ని వైద్యులు ఏనాడో తోసిపుచ్చారు. రెండోది మాత్రం చదువుకున్నవాళ్లలో ఇప్పటికీ చెల్లుబాటవుతోంది. ఈ వ్యాసం పరిశీలించేది దాన్నే.

శరీరం వైపు నుంచి చూస్తే కారణాలు ప్రధానంగా మూడు. రాత్రివేళ మూత్రం ఎక్కువగా తయారవుతుంది. మూత్రాశయం నిండకముందే ముడుచుకుంటుంది. నిండినా మెలకువ రాదు. రాత్రిపూట మూత్రాన్ని తగ్గించే వాసోప్రెసిన్ హార్మోను కొందరు పిల్లల్లో పెరగాల్సినంత పెరగడం లేదని 1980లలో డెన్మార్క్‌లోని ఆర్హుస్ పరిశోధకులు చూపారు. వంశపారంపర్యం కూడా బలమైనదే. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్నప్పుడు ఈ ఇబ్బంది ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు 44 శాతం, ఇద్దరికీ ఉంటే 77 శాతం. (ఆ సంగతి తండ్రిని అడిగితే తేలదు, నాయనమ్మను అడగాలి.) ఏడేళ్ల పిల్లల్లో 5 నుంచి 10 శాతం మందికి ఈ సమస్య ఉంటుంది. ఏ చికిత్సా లేకుండానే ఏటా వారిలో దాదాపు 15 శాతం మందికి తగ్గిపోతుంది.

మరి మనసు పాత్ర ఎంత? ఈ ప్రశ్నకు మంచి ఆధారాలు చికిత్స ఫలితాల్లోనే దొరుకుతాయి. పక్క తడవగానే గంట మోగే పరికరాన్ని 1938లో అమెరికాలో హోబర్ట్ మౌరర్, విల్లీ మే మౌరర్ దంపతులు 30 మంది పిల్లలపై వాడి చూశారు. అది ఫ్రాయిడ్ ప్రభావం బలంగా ఉన్న కాలం. లోపలి సంఘర్షణను వదిలేసి లక్షణాన్ని మాత్రమే అణచివేస్తే అది మరో రూపంలో తలెత్తుతుందని మనోవిశ్లేషకుల హెచ్చరిక. మౌరర్ దంపతులకు అలాంటిదేమీ కనిపించలేదు. పిల్లలందరికీ పక్క తడపడం ఆగింది, ప్రవర్తనలో మార్పు వచ్చినచోట అది మంచివైపే వచ్చింది. అయితే అందులో పోల్చడానికి చికిత్స లేని బృందం లేదు. ఆ లోటును 1987లో కెనడాలో జరిగిన అధ్యయనం తీర్చింది. పిల్లలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి వెంటనే గంట పరికరం ఇచ్చి, మిగిలినవారిని వేచి ఉండమన్నారు. చికిత్స పొందినవారికి తమ మీద తమకున్న అభిప్రాయం మెరుగుపడింది. న్యూనత మూలకారణమే అయితే గంట మోగినంత మాత్రాన అది తగ్గకూడదు.

అయినా కారణఫలితాల బాణం ఒకే దిశలో సాగుతుందనడం తొందరపాటు. ఆరు నెలలకు పైగా పొడిగా ఉండి మళ్లీ మొదలుపెట్టిన పిల్లల సంగతి వేరు. అక్కడ తల్లిదండ్రుల విడాకులు, చెల్లెలు పుట్టడం, బడి మారడం వంటివి వెతకాల్సిందే; మలబద్ధకం, మధుమేహం కూడా మరచిపోకూడదు. ఇంగ్లండ్‌లోని ఏవన్ ప్రాంత పిల్లలను పుట్టుక నుంచి వెంబడించిన అధ్యయనంలో, పసితనంలోనే మానసిక ఒడుదొడుకులున్నవారికి బడి వయసులో పక్క తడిపే అవకాశం ఎక్కువని తేలింది. ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉన్న పిల్లల్లోనూ ఇది ఎక్కువే. వీటిలో ఏది దేనికి కారణమో విడదీయడం కష్టం. మెదడు ఎదుగుదలలో రెండింటికీ ఒకే మూలం ఉండవచ్చు.

పిల్లలు దీన్ని ఎంత బరువుగా మోస్తారన్నదానిపై మాత్రం సందేహం లేదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలను జీవితంలోని కష్టాలను వరస పెట్టమంటే, తల్లిదండ్రుల విడాకులు, వారి కొట్లాటల తర్వాత మూడో స్థానం పక్క తడపడానికే ఇచ్చారని 1998లో ప్రచురితమైన నెదర్లాండ్స్ అధ్యయనం చెబుతుంది. తిట్టడం, కొట్టడం వల్ల మూత్రాశయం ఎదగదు, ఈ బరువు మాత్రం పెరుగుతుంది.

ఇళ్లలోనే కాదు, హాస్టళ్లలోనూ ఈ సమస్య ఎదురవుతుంది: మన గురుకులాల్లో అయిదో తరగతిలోనే పిల్లలు చేరతారు. పదేళ్ల వయసులో కొద్దిమందికి ఈ సమస్య ఇంకా ఉంటుంది. వరస పక్కల మధ్య గంట మోగే పరికరం పనికిరాదు: ఒకరి కోసం హాలంతా లేస్తుంది, రహస్యం రట్టవుతుంది. అలాంటిచోట డాక్టరు సలహాతో పడుకునేముందు ఇచ్చే డెస్మోప్రెసిన్ మాత్ర ఉపయోగపడుతుంది. మాత్ర వేసుకున్న రాత్రి నీళ్లు బాగా తగ్గించాలి, లేకపోతే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. కనుక వార్డెన్‌కు విషయం తెలియాలి, తోటి పిల్లలకు తెలియకూడదు. చేర్చుకునే రోజున తల్లిని పక్కకు పిలిచి అడిగితే సరిపోయే ప్రశ్న ఇది.