బ్రసేరోల ఛాయాచిత్రములు

స్పానిషు భాషలో ‘బ్రాసో’ అనగా బాహువు. దానినుండి పుట్టిన ‘బ్రసేరో’ అను మాటకు తెలుగున సరియైన పర్యాయము నాకు దొరకలేదు. ‘రెక్కల కష్టముమీద బ్రతుకువాడు’ అన్న కొంత దగ్గరపడును. 1942లో అమెరికా సంయుక్త రాష్ట్రములును మెక్సికోయు చేసికొన్న ఒడంబడికపై ఈ పేరుతో మెక్సికను పురుషులు ఉత్తరదేశపు పొలములకు పోయిరి. 1964లో ఆ పద్ధతి ముగియునప్పటికి 45 లక్షలకు పైగా ఒప్పందపత్రములు వ్రాయబడినవి. ఒకే మనుష్యుడు పలుమార్లు పోవుటయు కలదు.

1956లో లెనార్డు నాడెల్ అను ఛాయాగ్రాహకుడు వీరిని మెక్సికో పల్లెలయందును, కాలిఫోర్నియా శిబిరములయందును చిత్రించెను. వానిలో పలువురెరిగినది టెక్సాసునందలి హిడాల్గో కేంద్రమున తీసినది. వరుసగా నిలిచిన కూలీలపై ముసుగు ధరించిన ఉద్యోగి డి.డి.టి. చల్లుచుండును. అన్యాయమునకు అంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు. కాని ఆ మనుష్యుడు ఏ పాట ఎరుగును, ఎవరిని విడిచివచ్చెను అను ప్రశ్నలకు అందు సమాధానము లేదు.

నన్ను నిలిపినది మరియొక చిత్రము. శిబిరమున ఒకడు గిటారు వాయించుచున్నాడు, తక్కినవారు చూచుచున్నారు. పాట మనకు వినబడదు. అయినను ‘కొర్రీదో’ అను మెక్సికను కథాగేయ సంప్రదాయము తెలిసినవారికి ఆ చిత్రము మూగది కాదు. విప్లవవీరుల కథలు, రైలు ప్రమాదముల కథలు పాడిన ఆ ఫణితిలోనే వలసకూలీల కష్టములును పాటలైనవి. అదే సంవత్సరము ‘మన పొలములలో పరదేశులు’ అను నివేదికను వెలువరించిన ఎర్నెస్తో గలార్సా బాల్యమున మెక్సికో కొండపల్లెనుండి వలసవచ్చినవాడే. తరువాత ఆ బాల్యమునే గ్రంథముగా వ్రాసెను.

బ్రసేరోల ఫొటోలలో నాడెల్ తీయనివియు కలవు, గుర్తింపుకార్డుపైనివి. కోరంగి రేవునుండి మారిషసు చేరిన తెలుగు కూలీలవంటి వారికిని 1860ల తరువాత అట్టి ఫొటో టిక్కెట్లే ఇచ్చిరి. కార్డు మనిషిని అదుపున నుంచుటకు పుట్టినది. అయితే ఆరంభ సంవత్సరములలో బ్రసేరోల కూలినుండి పొదుపు పేరున నూటికి 10 వంతులు పట్టుకొనిరి; పలువురకు ఆ సొమ్ము తిరిగి చేరలేదు. 2005లో మెక్సికో ప్రభుత్వము ఒక నిధి నేర్పరచి 38,000 పెసోల చొప్పున ఇచ్చుటకు పూనుకొన్నప్పుడు పాత పత్రములు చూపుమనెను. అరువది ఏండ్లు పెట్టెలో దాచిన కార్డు అప్పుడు హక్కుపత్రమైనది. దానిని పోగొట్టుకొన్నవారు రిక్తహస్తులైరి.

నవంబరు 1, 2 తేదీలలో మెక్సికను కుటుంబములు, సరిహద్దునకు ఇవతలను అవతలను, ఇంట వేదిక గట్టి మృతుల ఫొటోలు నిలిపి, వారికి ప్రియమైన వంటకములు పెట్టి, బంతిపూలు పరచుదురు. (మన గుమ్మములకు గట్టు బంతియు మెక్సికోనుండి వచ్చినదే.) పేద ఇంట తాతగారి ముఖము మిగిలినది ఆ కార్డుపైననే అయినచో, వేదికపైకెక్కునది అదియే.