సిగార్ పెట్టె వాసన ఎవరిది?

పాతబడిన బోర్డో రెడ్ వైన్ గురించి ఎవరు రాసినా కొన్ని మాటలు తప్పకుండా వస్తాయి. సిగార్ పెట్టె, పొగాకు ఆకు, పాత తోలు, వాన పడ్డ అడవి నేల, ఎండుటాకులు, పుట్టగొడుగులు. కుర్ర వైన్‌లో పళ్ల వాసన ఉంటుందనీ, ఇరవై ముప్పై ఏళ్లు సీసాలో నిలవున్నాక పళ్లు వెనక్కి తగ్గి ఈ వాసనలు పైకొస్తాయనీ, వాటిని గుర్తుపట్టగలిగినవాడే రసికుడనీ ఆ రాతల సారాంశం. రసికుడు అనే మాట నేను కావాలనే పుంలింగంలో వాడుతున్నాను.

నేను పుట్టి పెరిగింది యర్రగొండపాలెం. ఈ జాబితా చదివినప్పుడు నాకు ఫ్రాన్స్ కనబడలేదు. పొదిలి, కనిగిరి దారుల్లో పొగాకు బ్యారన్లు, ఊరి చివర లందలు, తొలకరికి తడిసిన నల్లమల కనిపించాయి. ఈ వాసనలన్నీ మా ప్రాంతపు ఆడవాళ్లకు బాగా తెలుసు. కానీ తెలిసినట్టు ఎవరూ లెక్క వెయ్యలేదు. ఒకే వాసన ఒకచోట అభిరుచి, ఇంకోచోట ఒంటికి పట్టిన కూలి వాసన ఎలా అయింది? ఈ ప్రశ్నతోనే వైన్ రుచి చరిత్రలోకి వెళ్లాను.

బోర్డో రెడ్ వైన్ ఒక్క రకం ద్రాక్షతో చేసేది కాదు. కాబర్నే సావిన్యోన్, మెర్లో, కాబర్నే ఫ్రాన్, కొద్దిగా పెతీ వెర్దో, ఒకప్పుడు మాల్బెక్ కలుపుతారు. అట్లాంటిక్ సముద్రం పక్కన వానలు నమ్మలేనివి. మెర్లో ముందు పండుతుంది, కాబర్నే సావిన్యోన్ ఆలస్యంగా పండుతుంది. ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి నిలబెడుతుంది. మన మెట్ట రైతులు కందిలో మరో పంట కలిపి వేసుకోవడంలో ఉన్న తెలివే ఇది. కాబర్నే తొక్కల్లో, గింజల్లో వగరు ఎక్కువ. ఆ వగరునిచ్చే టానిన్లు ఏళ్లు గడిచేకొద్దీ ఒకదానితో ఒకటి అతుక్కుని బరువెక్కి మడ్డిగా అడుగుకు దిగుతాయి. అందుకే పాత సీసాను కదపకుండా వంచి, మడ్డి రాకముందే ఆపేస్తారు. ఎరుపు తగ్గి గ్లాసు అంచున ఇటుక రంగు వస్తుంది. నోట్లో పట్టు వదులై మెత్తదనం వస్తుంది.

ఈ వైన్లకు తరగతులు ఎవరు కట్టారు? 1855లో పారిస్ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ ప్రభుత్వం అడిగితే బోర్డో వ్యాపార దళారులు జాబితా రాసిచ్చారు. ఎర్ర వైన్లకు ఐదు తరగతులు పెట్టారు. వరసగా సీసాలు పెట్టి, రుచి చూసి ఇచ్చిన మార్కులు కావవి. చాలా ఏళ్లుగా మార్కెట్లో ఏది ఎంత ధర పలికిందో చూసి కట్టిన అంతస్తులు. ఆ జాబితాలో ఆ తర్వాత చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే: 1973లో మూటోన్ రోత్‌షీల్డ్ రెండో తరగతి నుంచి మొదటి తరగతికి ఎక్కడం. ధర నిర్ణయించిన మెట్లను నాలుక నిర్ణయించినట్టు నూట డెబ్బై ఏళ్లుగా నమ్ముతున్నారు.

ధర తర్వాత లింగభేదం వచ్చింది. పొయాక్ వైన్లు మగటిమి గలవనీ, మార్గో వైన్లు స్త్రీలాంటివనీ రాయడం చాలాకాలం మర్యాదగానే చెల్లింది. గట్టిదనం, నిర్మాణం, దీర్ఘాయుష్షు మగ లక్షణాలు. మృదుత్వం, సువాసన, లాలిత్యం ఆడ లక్షణాలు. కవిత్వంలో నాయికా వర్ణనల్ని తూర్పారబట్టిన మనకు ఈ భాష కొత్తదేం కాదు.

ఆ భాషను శాస్త్రం వైపునుంచి ప్రశ్నించింది ఒక స్త్రీ. ఆన్ నోబుల్ 1974లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ద్రాక్ష, వైన్ శాఖలో అధ్యాపకురాలిగా చేరింది. ఆ శాఖ తీసుకున్న మొదటి మహిళా అధ్యాపకురాలు ఆమే. 1984లో ఆమె, ఆమె సహచరులు వైన్ వాసనల చక్రాన్ని తయారుచేశారు. ‘సొగసైనది’, ‘గొప్పది’ లాంటి మాటలకు అందులో చోటు లేదు. మిరియం, ఎండుగడ్డి, పుట్టగొడుగు, పొగాకు - గిన్నెలో వేసి ఎవరికైనా వాసన చూపించగల మాటలే ఉండాలన్నది ఆమె నియమం. పుట్టుకతో వచ్చిన అభిరుచి అనే దానిని ఆమె ఎవరైనా నేర్చుకోగల అక్షరమాలగా మార్చింది. 2001లో బోర్డో పరిశోధకులే ఇంకో పని చేశారు. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ శాస్త్ర విద్యార్థులకు ఇచ్చారు. వాళ్లు ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కన్ను ముందే చెప్పిన తీర్పును ముక్కు సమర్థించింది. పరీక్షకుల మీద చిన్నచూపుతో ఈ మాట చెప్పడం లేదు. ఏ తీర్పూ సమాజం బయట నిలబడి ఇచ్చేది కాదని మాత్రమే అంటున్నాను.

తీర్పుల సంగతి అలా ఉంచి ఆస్తుల దగ్గరకొస్తే, పొయాక్‌లో పిషోన్ లాంగ్‌విల్ కథ చెప్పుకోవాలి. 1850లో బారన్ జోసెఫ్ చనిపోయినప్పుడు తోట ఐదుగురు పిల్లల మధ్య పంపకానికి వచ్చింది. ఇద్దరు కొడుకుల భాగం ఒక ఎస్టేటు, ముగ్గురు కూతుళ్ల భాగం ఇంకొక ఎస్టేటు అయ్యాయి. కూతుళ్లలో వర్జినీ ఆ భాగాన్ని నిలబెట్టింది. రెండూ రెండో తరగతి వైన్లే. 1978 నుంచి 2007 దాకా ఆ ఎస్టేటును నడిపింది కూడా ఒక స్త్రీయే, మే ఎలియాన్ ద లాంకెసాంగ్. ఆడపిల్లకు భూమిలో వాటా ఇస్తే కమతాలు చితికిపోతాయని మన దగ్గర ఎంత వాదించారో గుర్తుంది కదా. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయితే ఫ్రాన్సులోనూ కథ పూర్తిగా సుఖాంతం కాదు. కూతుళ్ల భాగం సీసా మీద ఉన్న పేరు ‘కొంతెస్ ద లాలాండ్’. అది వర్జినీకి మొగుడి ద్వారా వచ్చిన బిరుదు.

పేరు పోవడం తోటలకే కాదు, ద్రాక్ష తీగలకూ జరిగింది. మెర్లో పేరు 1784 నాటి రాతల్లోనే ఉంది. డిఎన్‌ఏ పరీక్షలు వచ్చాక దాని తండ్రి కాబర్నే ఫ్రాన్ అని 1990ల చివర్లో తేలింది. తల్లి ఎవరో తెలియలేదు. ఏ తోటలోనూ సాగులో లేని, ఏ జాబితాలోనూ పేరులేని తీగ అది. బ్రిటనీలో పాడుబడ్డ ఒక కొండవాలు మీద ఒకటి, షారాంత్ పల్లెల్లో ఇళ్ల ముందు పాకించుకున్నవి కొన్ని దొరికాయి. మగ్దలీనా పండుగ నాటికి, అంటే జులై ఇరవై రెండుకు, కాయ పండుతుందని పల్లెవాళ్లు దాన్ని ఆమె పేరుతోనే పిలుచుకునేవారు. 2009లో శాస్త్రజ్ఞులు దాన్ని మాగ్దెలేన్ నువార్ దె షారాంత్ అన్నారు. మెర్లోకే కాదు, మాల్బెక్‌కూ అదే తల్లి. ప్రపంచమంతా తాగే రెండు ద్రాక్షల తల్లి ఇన్నేళ్లూ ఇళ్ల గుమ్మాల దగ్గరే బతికింది. వెతికేవాళ్లు లేక తెలియలేదు. మన చరిత్రలో ఎంతమంది స్త్రీలను ఇలా గుమ్మాల దగ్గర వెతుక్కుని తెచ్చుకున్నామో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇరవయ్యేళ్లు దాటిన మెదోక్ వైన్ ఒకటి నేను రుచి చూశాను, మా మేనకోడలి ఇంట్లో. నాలుక చెప్పిన మొదటి మాట వగరు. లేత కరక్కాయ వగరు కాదు, నానబెట్టి నీళ్లు పారబోశాక మిగిలే వగరు. తర్వాత వచ్చింది పొగాకు. సిగార్ పెట్టె నేనెన్నడూ చూడలేదు. నాకు తెలిసింది బ్యారన్ తలుపు తీసినప్పుడు వచ్చే తీపి వేడి వాసన. మా పిన్ని పొగాకు గ్రేడింగుకు వెళ్లేది. ఆకును రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పెట్టి, బ్రైట్, మీడియం, లో గ్రేడ్ అని క్షణంలో విడదీసేది. “ఆకును చూడబాకే, పట్టుకో. అదే చెప్తది” అనేది. రంగు, జిగి, మందం, వాసన కలిపి ఇచ్చే ఆ తీర్పు వైన్ పరీక్షకుడి తీర్పు కంటే ఏ రకంగా తక్కువ? ఆ ఆకే దేశాలు దాటి వెళ్తుంది. ఆమెకు దక్కింది రోజు కూలి, దగ్గు.

తోలు వాసన ఇంకా కష్టమైన సంగతి. టానిన్ అనే మాటకు తోలు పదునుపెట్టే పనితోనే చుట్టరికం. మన ఊళ్లలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందల్లో తోళ్లు నానబెట్టిన మాదిగల పని అది. నీళ్లు మోసింది, చెక్క దంచింది ఎక్కువగా ఆడవాళ్లు. ఆ వాసన పేరు చెప్పే వాళ్లను ఊరి బయట ఉంచారు. అదే వాసన గ్లాసులో ఉంటే సంస్కారం, మనిషి ఒంటి మీద ఉంటే అంటు. వైన్ రాతల్లో ‘తోలు’ అని రాసుకున్నంత తేలిగ్గా మనం ఆ మాట రాయలేం. స్త్రీవాదం కులాన్ని పక్కన పెట్టి రుచి గురించి మాట్లాడలేదని నాకు తెలిసింది ఇక్కడే.

ఇక అడవి నేల. యర్రగొండపాలెం మండలంలోనే, నల్లమల లోపల పాలుట్ల చెంచుల గూడెం ఉంది. ఎండాకాలం మొదట్లో ఇప్పచెట్ల కింద తెల్లారేసరికి రాలిన పూలను ఏరేది ఎక్కువగా స్త్రీలు, పిల్లలు. ఎండబెట్టి తినొచ్చు, పులియబెట్టి కాచొచ్చు. ఏ చెట్టు పువ్వు తీపి ఎక్కువో, ఏది వగరో చెప్పగల జ్ఞానం అది. కానీ 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం నుంచి మొదలుపెట్టి కాచే హక్కు లైసెన్సుదారుడిది అయింది. ఫ్రాన్సులో నేలకూ రుచికీ ఉన్న బంధాన్ని చట్టం కాపాడింది. ఇక్కడ ఆ బంధాన్నే నేరం చేసింది.

సారా వ్యతిరేక పోరాటం నడిచిన నేల మీద వైన్ గురించి రాయడమేమిటని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. మా పక్క జిల్లా నెల్లూరులో దూబగుంట స్త్రీలు అక్షరాస్యత బడిలో సీతమ్మ కథ చదివి లేచి, 1992లో సారా వేలంపాటల్ని ఆపారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. అప్పుడు ప్రభుత్వం ప్యాకెట్లలో ఊరూరికీ పంపిన సారా రుచి చూడటానికి చేసిన సరుకు కాదు. మింగడానికి చేసింది. దాని నాణ్యతను అంచనా కట్టింది ఆ స్త్రీలే. ఒక ప్యాకెట్టుకు ఎన్ని శేర్ల బియ్యం, ఎన్ని రోజుల కూలి, ఎన్ని దెబ్బలు అని లెక్కవేశారు. 1855 దళారులు కూడా ధరనే చూశారు. అయితే వాళ్లు చూసింది అమ్మేవాడికి వచ్చిన ధర. దూబగుంట స్త్రీలు చూసింది ఇల్లు చెల్లించిన ధర. మద్యాన్ని అంచనా కట్టడంలో తెలుగునేల ఇచ్చిన అసలు తీర్పు నా దృష్టిలో అదే.

నేను వైన్ తాగమనడం లేదు. రుచికి, వాసనకు పేరు పెట్టే అధికారం ఎవరి చేతుల్లో ఉందో చూడమంటున్నాను. గ్రేడింగు స్త్రీల మాటలు, ఇప్పపూలు ఏరే చెంచు స్త్రీల మాటలు, లంద దగ్గర నీళ్లు మోసిన స్త్రీల మాటలు ఇంకా కొంతమంది నోళ్లలో ఉన్నాయి. నిఘంటువుల్లో చాలా వరకు లేవు. మా పిన్ని తరం గడప దాటకముందే ఆ మాటల్ని రాసిపెట్టుకోవాలి. నేను మార్కాపురం, గిద్దలూరు వైపు మొదలుపెట్టాను. పొగాకు ఆకుకు ఒక్కదానికే ఇప్పటికి పద్నాలుగు మాటలు దొరికాయి.