మెదక్ సీమలో చలికాలపు ఇంటి బేరాలు

ఏడుపాయల చుట్టుపక్కల ఊళ్లలోనూ మెదక్ పట్టణంలోనూ ఇల్లు అమ్మేవాళ్లకు చలికాలమంతా ఒక్క తీరుగా ఉండదు. దీపావళి దాటి కార్తీకం వచ్చాక బేరాలు ఊపందుకుంటాయి. డిసెంబర్ 16 ప్రాంతంలో ధనుర్మాసం పట్టగానే మందగిస్తాయి. సంక్రాంతి పోయినా పుష్యం వెళ్లేదాకా కొనేవాళ్లు గట్టి మాట ఇవ్వరు. మాఘం వచ్చాక మళ్లీ కదలిక. ఐరోపా, అమెరికాల్లో డిసెంబర్ అమ్మకాలు తగ్గడానికి మంచు, క్రిస్మస్ సెలవులు, బడుల క్యాలెండర్ కారణాలు. మెదక్‌లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగినా, పగలు ఇల్లు చూపించడానికి అడ్డేమీ లేదు. ఇక్కడ బేరాన్ని ఆపేది చలి కాదు, పంచాంగం. ఆ పంచాంగానికి పంట తోడైంది.

ముందు పంట సంగతి. పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గా భవాని ఆలయం ఉంది. దానికి కాస్త ఎగువన ఘనపూర్ ఆనకట్ట. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ హయాంలో 1905లో దీన్ని కట్టారు. దీని కింద మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే రెండు కాలువలు, 21,625 ఎకరాల ఆయకట్టు. ఈ నీటి మీద ఆధారపడిన ఊళ్లలో వానాకాలం వరి కార్తీకం నాటికి కోతకు వస్తుంది. ధాన్యం అమ్ముడుపోయి చేతిలో నాలుగు రూపాయలు ఆడేది అప్పుడే. బయానాలు, పాత అప్పుల చెల్లింపులు, పెళ్లి మాటలు అన్నీ ఆ కొద్ది వారాల్లోనే పడతాయి. తర్వాత పుష్యంలో యాసంగి నాట్లు. విత్తనం, ఎరువు, దున్నకం, కూలి అన్నీ ఒక్కసారి మీద పడే నెల అది. ఇంటికని దాచిన డబ్బు కూడా మడిలోకే పోతుంది. పంచాంగం ఏమీ చెప్పకపోయినా ఈ నెలలో ఇంటి బేరాలు కొంత తగ్గేవే.

పంచాంగం చెప్పేది ఏమిటో కూడా సరిగా చూడాలి. ముహూర్త గ్రంథాల ప్రకారం గృహప్రవేశానికి మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం శ్రేష్ఠం. కార్తీకం, మార్గశిరం మధ్యమం. పుష్యానికి ఈ జాబితాలో చోటు లేదు. జనం దాన్ని శూన్యమాసమంటారు. గురు, శుక్ర మూఢాలు వస్తే మంచి నెలలోనూ కొన్ని వారాలు పోతాయి. ఈ నియమాలన్నీ ఇంట్లోకి అడుగుపెట్టడానికి, పునాది తీయడానికి సంబంధించినవే. ఇల్లు అమ్మడం గురించి అవి పట్టించుకోవు. అమ్మేవాడికి ధనుర్మాసంలో ఏ దోషమూ లేదు. అయినా కొనేవాడు గృహప్రవేశం చేయలేని ఇంటికి తొందరపడి డబ్బు కట్టడు కనుక, అతని నియమమే అమ్మేవాడి నియమం అయింది. అమ్మేవాళ్లకు సొంత పట్టింపులు వేరే ఉన్నాయి: మంగళవారం, శుక్రవారం ఇంటి తాళాలు ఇతరుల చేతిలో పెట్టరు. ఇంట్లోని లక్ష్మి ఆ రోజుల్లో గడప దాటకూడదని నమ్మకం. ధనుర్మాసం ఒక నెల బేరాన్ని ఆపితే, ఈ వారాల పట్టింపు ఏడాది పొడవునా వారానికి రెండు రోజులు ఆపుతుంది.

నిజాం కాలంలో ఇంటి అమ్మకపు కాగితాల్లో వేరే క్యాలెండర్ నడిచేది. హైదరాబాద్ రాజ్యపు ఫసలీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబర్ 6న మొదలయ్యేది. నవంబర్ నుంచి జనవరి దాకా వచ్చే నెలలు సుమారుగా దయ్, బహ్మన్, ఇస్ఫందార్. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు మొదలైన క్రీస్తు శకం వస్తుంది. 1884లో ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయ్యాక సర్కారీ కాగితాలు ఉర్దూలో నడిచాయి. ఇల్లు అమ్మే రైతు తెలుగులో కార్తీకం అనుకుంటూ బేరం కుదుర్చుకునేవాడు. కాగితం మీద మాత్రం దయ్ అని పడేది. డబ్బు లెక్కలోనూ జాగ్రత్త అవసరమయ్యేది. హైదరాబాద్ రాజ్యపు హాలీ సిక్కా ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు. అందుకే ఎన్ని రూపాయలు అన్నదానితో పాటు ఏ రూపాయలు అన్నది కూడా రాయాల్సి వచ్చేది. విలీనం తర్వాత కూడా 1950ల్లో హాలీ రూపాయి చెలామణిలో ఉంది.

పల్లె ఇంటి అమ్మకంలో ఈ కాగితం కన్నా మనుషుల మాటకే బరువు ఎక్కువ. ఊరు వెలసిన చోటు, అంటే గ్రామకంఠం లేదా ఆబాదీ, సాగుభూమిలా సర్వే నంబర్ల వారీగా పట్టా అయినది కాదు. అక్కడి ఇంటికి హక్కు అనేది అనుభవంతోనూ హద్దులతోనూ నిలబడేది. తూర్పున ఎవరి గోడ, పడమర ఏ తొవ్వ, ఉత్తరాన ఎవరి దొడ్డి, దక్షిణాన ఏ బావి అని చెప్పుకుంటూ పోవడమే ఆ ఇంటి గుర్తింపు. పటేల్, పట్వారీ, నలుగురు పెద్దమనుషులు ఉండగా హద్దులు నడిచి చూపించేవారు. పక్కింటివాళ్లు సాక్షులుగా వేలిముద్ర వేసేవారు. రేపు తగాదా వస్తే సాక్ష్యం చెప్పాల్సింది వాళ్లే కనుక ఈ వేలిముద్రలకు విలువ ఎక్కువ. తర్వాతి కాలంలో గ్రామపంచాయతీ ఇంటి నంబరు, ఇంటి పన్ను రసీదు వచ్చి ఈ ఏర్పాటుకు కొంత ఆధారమయ్యాయి. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదని న్యాయవాదులు ఎన్నిసార్లు చెప్పినా, పల్లెలో కొనేవాడు మొదట అడిగేది దాన్నే.

తెల్ల కాగితం మీద రాసుకునే సాదాబైనామాలు ఇక్కడ చాలాకాలం సాగాయి. సాగుభూముల విషయంలో 1971 నాటి భూహక్కుల రికార్డు చట్టం కింద వాటిని క్రమబద్ధం చేసుకునే వీలు తర్వాత కలిగింది. ఇళ్లకు ఆ దారి లేదు.

హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఇక్కడా వర్తించింది. ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చలికాలపు బేరాలకు అంతకన్నా ముఖ్యమైనవి మరో రెండు సెక్షన్లు. 23వ సెక్షన్ దస్తావేజు రాసి సంతకం చేసిన నాటి నుంచి నాలుగు నెలల్లోగా దాన్ని రిజిస్ట్రేషన్‌కు తేవచ్చంటుంది. 47వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన దస్తావేజు సంతకం చేసిన రోజు నుంచే చెల్లుతుంది, రిజిస్టరైన రోజు నుంచి కాదు. కార్తీకంలో మంచిరోజు చూసి సంతకాలు చేసినవాళ్లు ధనుర్మాసం గడిచాక మాఘంలో రిజిస్ట్రార్ ముందుకు వెళ్లినా గడువు మిగులుతుంది. హక్కు కార్తీకం నుంచే లెక్కకు వస్తుంది. ముహూర్తాల సంగతి ఏమాత్రం ఎరగని చట్టం ముహూర్తాలకు ఇంత చోటు ఇవ్వడం విశేషమే. అయితే ఈ వెసులుబాటును వాడుకునేవాళ్లు తక్కువ. జనం ఎక్కువగా నమ్ముకున్నది అగ్రిమెంటునే: ముందు బయానా, తర్వాత గడువు, చివర రిజిస్ట్రేషన్.

ఈ మూడు మెట్లూ చలికాలం చుట్టూనే అమరాయి. తెలంగాణలో ఇంటిల్లిపాదీ ఊరికి చేరేది సంక్రాంతి కన్నా దసరాకే. బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు; హైదరాబాద్‌లో పనిచేసే అన్నదమ్ములూ వస్తారు. ఉమ్మడి ఇల్లు అమ్మాలన్న మాట తేలేది అప్పుడే. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్టపు ఆంధ్రప్రదేశ్ సవరణ ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 నాటి కేంద్ర సవరణ పెళ్లయిన కూతుళ్లనూ కలిపింది. ఆ తర్వాత తాతల నాటి ఇల్లు అమ్మితే ఆడబిడ్డల సంతకం లేనిదే కొనేవాడు ముందుకు రావడం మానేశాడు. పండుగకు వచ్చిన ఆడబిడ్డ ఒప్పుకుని పోవడం, కార్తీకంలో బయానా, మూడు నెలల గడువు, మాఘంలో లేదా ఫాల్గుణంలో రిజిస్ట్రేషన్ అన్న క్రమం అలా కుదిరింది. ఏడుపాయల జాతర జరిగే శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. పాయల్లో స్నానాలు చేసి వనదుర్గను దర్శించుకునే ఆ రోజుల నాటికి చాలా బయానాల గడువు దగ్గరపడి ఉంటుంది.

కార్తీకంలో బేరం ఎక్కువగా నడవడానికి ఇంకో కారణం ఇల్లే చెబుతుంది. మట్టిగోడలు, టేకు దూలాలు, గూన పెంకల పాత ఇంటిని కొనేవాడు వర్షాలు వెలిసిన వెంటనే చూడాలనుకుంటాడు. పెంక జరిగిన చోట దూలం మీద నీటి చార నల్లగా కనిపిస్తుంది. గోడ అడుగున మూరెడు ఎత్తు దాకా చెమ్మ పట్టి, వేలితో గీరితే మట్టి రాలుతుంది. దర్వాజా బంద్ వర్షానికి ఉబ్బిందా, చెద పట్టిందా అన్నది తలుపు మూసి తెరిస్తే తెలుస్తుంది. అదే ఇంటికి మాఘంలో సున్నం వేసి, పెంకలు సర్దితే ఈ గుర్తులన్నీ మాయం. తెలివైన కొనుగోలుదారుడు కార్తీకంలో చూస్తాడు, తెలివైన అమ్మకందారుడు మాఘంలో చూపిస్తాడు. గోడలు పనికిరాని ఇళ్లను కలప కోసమే కొన్న సందర్భాలూ ఉన్నాయి; అప్పుడు బేరం గజాల మీద కాదు, దూలాలు, స్తంభాలు, దర్వాజాల మీద సాగేది.

1998 దాకా రిజిస్ట్రేషన్ ఓపిక పరీక్షే. దస్తావేజు నకలును పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవారు. ఆస్తి మీద పాత అప్పులు, తాకట్లు ఉన్నాయా అని చూడాలంటే సూచికలు తిరగేయాలి. రద్దీ నెలల్లో అసలు దస్తావేజు చేతికి రావడానికి రోజులు పట్టేది. ధనుర్మాసపు మందగమనం గుమస్తాలకు పేరుకున్న పని తీర్చుకునే విరామంగానూ ఉండేది. 1998 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన కార్డ్ అనే రిజిస్ట్రేషన్ కంప్యూటరీకరణతో ఈ తిప్పలు చాలావరకు పోయాయి. స్కానింగ్ వచ్చింది, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ అదే రోజు దొరకసాగింది.

ఆ తర్వాతి చలికాలాల్లో ముఖ్యమైనవి మూడు. 2016 దసరా రోజు, అక్టోబర్ 11న, తెలంగాణ జిల్లాల పునర్విభజన జరిగింది. అంతవరకు సంగారెడ్డి నుంచి నడిచిన మెదక్ జిల్లాకు మెదక్ పట్టణమే కేంద్రమైంది. కలెక్టరేట్, ఇతర జిల్లా కార్యాలయాలు రావడంతో ఇళ్ల గిరాకీ మీద ఆశలు పెరిగిన ఆ కార్తీకంలోనే, నవంబర్ 8 రాత్రి, 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. నగదు మీద నడిచే ఇంటి బేరాలు ధనుర్మాసం రాకముందే ఆగాయి. 2020లో సెప్టెంబర్ 8 నుంచి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్లు నిలిచిపోయాయి. సాగుభూములు ధరణి పోర్టల్‌కు, తహసీల్దార్లకు మారగా, ఇళ్లు, ప్లాట్ల రిజిస్ట్రేషన్ డిసెంబర్ 14న గానీ మళ్లీ మొదలు కాలేదు. రెండు రోజుల్లో ధనుర్మాసం. మంచి నెలలన్నీ తాళం వేసుకుని, కొనేవాళ్లు వెనకాడే నెల ముంగిట తలుపు తెరిచినట్టయింది.

మూడోది 2022 జనవరి. అప్పటికే 2021 జులై 22 నుంచి స్టాంపు, బదలాయింపు, రిజిస్ట్రేషన్ రుసుములన్నీ కలిపి విలువలో 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగాయి. ఫిబ్రవరి 1 నుంచి ఆస్తుల మార్కెట్ విలువలు కూడా సవరిస్తారని తెలియగానే జనవరి చివరి వారంలో రాష్ట్రమంతటా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలు కిటకిటలాడాయి. ఆ ఏడు పుష్యమాసం ఫిబ్రవరి ఒకటి దాకా ఉంది. శూన్యమాసమని వెనకాడాల్సిన రోజుల్లో జనం వరుసలో నిలబడ్డారు. పంచాంగాన్ని పక్కన పెట్టించినది ధరల పట్టిక.

తమిళనాడులోనూ మార్గళి, ఆడి మాసాల్లో రిజిస్ట్రేషన్లు తగ్గుతాయి. అక్కడి రిజిస్ట్రేషన్ శాఖ మంచిరోజుల్లో అదనపు టోకెన్లు ఇచ్చి రద్దీని సర్దుకుంటుంది. తెలంగాణలో 2025లో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలకు స్లాట్ బుకింగ్ వచ్చాక, మంచిరోజుతో పాటు గంట కూడా ముందే ఎంచుకోవాల్సి వస్తోంది. బ్యాంకు రుణంతో కొనేవాళ్లకు రుణ మంజూరు గడువు మరో క్యాలెండర్. అది పుష్యంలో పడితే రిజిస్ట్రేషన్ పుష్యంలోనే అవుతుంది. పాలు పొంగించి ఇంట్లోకి వెళ్లడం మాత్రం మాఘానికి ఆగుతుంది. కొన్న ఇల్లు ఆ మధ్య నెల రోజులు తాళం వేసి ఉంటుంది, లేదా అమ్మినవాళ్లే అద్దె లేకుండా అందులో ఉంటారు. ఆ ఏర్పాటు కూడా అగ్రిమెంటులో ఒక షరతుగా రాసుకుంటున్నారు.