వారంటు అడిగిన ఊరు

డెట్రాయిట్ నడిబొడ్డున లఫాయెట్ వీధిలో పాత ఫెడరల్ కోర్టు భవనం ఉంది. వియత్నాం యుద్ధకాలంలో ఒకసారి, ఇరాక్ యుద్ధకాలంలో మరోసారి ఇక్కడి జడ్జీలు ఏకంగా అధ్యక్షుడికే అడ్డం నిలిచారు. దేశం ప్రమాదంలో ఉందని చెప్పి పౌరుల ఫోన్లు వింటామంటే కుదరదు, ముందు వారంటు తెచ్చుకోండి అన్నారు. మిషిగన్‌లో స్థిరపడ్డ మా తెలుగువాళ్ళకు ఈ ఊరంటే కార్ల కంపెనీలే గుర్తొస్తాయి. నాకు మాత్రం దీని మీద గౌరవం ఆ కోర్టు వల్లే పెరిగింది. ఫోన్ ట్యాపింగ్ మాట మన పత్రికల్లో తరచూ వినబడుతున్న ఈ రోజుల్లో ఆ కథ మనవాళ్ళకు చెప్పాలనిపించింది.

సోదాల మీద అమెరికన్ల కోపం వాళ్ళ దేశం కన్నా పాతది. బ్రిటిష్ కస్టమ్స్ అధికారుల దగ్గర ఒకరకం సోదా పత్రాలుండేవి. ఎవరి ఇల్లు, ఏ వస్తువు అని వాటిలో ఉండదు. ఏ ఇంట్లోనైనా జొరబడొచ్చు. 1761లో బోస్టన్‌లో జేమ్స్ ఓటిస్ అనే వకీలు వాటి మీద గంటల తరబడి వాదించాడు. కేసు ఓడిపోయాడు. కానీ ఆ వాదన విన్న కుర్ర వకీలు జాన్ ఆడమ్స్, స్వాతంత్ర్యం ఆ రోజే పుట్టిందని ముసలితనంలో రాసుకున్నాడు. ఆ కోపమే 1791లో రాజ్యాంగపు నాలుగో సవరణ అయింది. సోదా చెయ్యాలంటే తగిన కారణం చూపాలి, ఎక్కడ, దేనికోసం అన్నది రాసి వారంటు తీసుకోవాలి.

కాగితం మీద ఇంత గట్టి మాట ఉన్నా, యుద్ధం వచ్చినప్పుడల్లా అది పక్కకు పోయింది. 1918 జూన్‌లో ఒహాయోలోని కాంటన్ ఊళ్ళో సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ మొదటి ప్రపంచ యుద్ధాన్ని తప్పుపడుతూ మాట్లాడాడు. యుద్ధం ప్రకటించేది ఉన్నవాళ్ళు, చచ్చేది లేనివాళ్ళు అన్నది ఆ ప్రసంగ సారం. ప్రభుత్వం పంపిన షార్ట్‌హ్యాండ్ మనిషి ఆ మాటలన్నీ రాసుకున్నాడు. డెబ్స్‌కు పదేళ్ళ జైలు పడింది, సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఔనంది. 1920లో జైల్లోంచే అధ్యక్ష పదవికి నిలబడితే 9 లక్షల పైచిలుకు జనం ఆయనకు ఓటేశారు.

తర్వాతి తరంలో సభకు మనిషిని పంపే అవసరం తగ్గింది, ఫోను వైరు చాలింది. ఇంట్లోకి అడుగు పెట్టకుండా బయట వైరు మీద వింటే సోదా కిందికి రాదని 1928లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తప్పు దిద్దుకోవడానికి 1967 దాకా పట్టింది. ఈలోగా 1963లో మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లు వినడానికి అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ ఎఫ్‌బీఐకి అనుమతిచ్చాడు. అందులో జడ్జి ప్రమేయమే లేదు. కింగ్‌తో బాక్సర్ ముహమ్మద్ అలీ మాట్లాడిన మాటలూ ఆ రికార్డుల్లోకి చేరాయి. 1967 ఏప్రిల్ 4న కింగ్ వియత్నాం యుద్ధాన్ని బాహాటంగా ఖండించాడు. అదే నెల 28న అలీ సైన్యంలో చేరనన్నాడు. ఇద్దరి పేర్లూ జాతీయ భద్రతా సంస్థ (ఎన్‌ఎస్‌ఏ) నిఘా జాబితాకెక్కాయి. యుద్ధాన్ని విమర్శించిన సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ పేరు కూడా అందులో ఉంది. శత్రువు కోసమని తెరిచిన చెవి ముందుగా విన్నది విమర్శకుల మాటనే.

డెట్రాయిట్ జడ్జి డేమన్ కీత్ దగ్గరికి కేసు వచ్చింది ఈ వాతావరణంలోనే. ఆన్ ఆర్బర్‌లో సీఐఏ ఆఫీసు మీద బాంబు వేశారన్న కేసులో ఒక నిందితుడి మాటల్ని వారంటు లేకుండా విన్నామని ప్రభుత్వమే ఒప్పుకుంది. దేశ భద్రత కోసం అధ్యక్షుడికి ఆ అధికారం ఉందని వాదించింది. కీత్ తాతలు బానిసలు. అధికారానికి అదుపు లేకపోతే ఏమవుతుందో ఆ కుటుంబానికి ఒకరు చెప్పక్కర్లేదు. వినడం చట్టవిరుద్ధం, ఆ రికార్డులు నిందితుడికి చూపించండి అని 1971 జనవరిలో ఆయన ఆదేశించాడు. ప్రభుత్వం ఆయన కోర్టునే ప్రతివాదిని చేసి పై కోర్టుకెక్కింది. 1972 జూన్ 19న సుప్రీంకోర్టు 8-0తో కీత్ పక్షాన నిలిచింది. తీర్పు రాసిన జస్టిస్ పావెల్, జడ్జి కాకముందు ప్రభుత్వ ట్యాపింగ్‌ను సమర్థించినవాడే. అంతకు రెండు రోజుల ముందే ప్రతిపక్షం ఆఫీసులో మైకులు పెట్టబోయిన దొంగలు వాటర్‌గేట్ భవనంలో దొరికిపోయారు.

కోర్టు ఒక్కటే ఇదంతా చెయ్యలేదు. 1971 మార్చి 8న అలీ, ఫ్రేజియర్ బాక్సింగ్ పోటీ జరుగుతుంటే దేశమంతా దాని మీదే ధ్యాస పెట్టింది. సరిగ్గా ఆ రాత్రి పెన్సిల్వేనియాలోని మీడియా అనే చిన్న ఊళ్ళో కొందరు మామూలు పౌరులు ఎఫ్‌బీఐ ఆఫీసు తాళం తీసి ఫైళ్ళన్నీ సూట్‌కేసుల్లో పట్టుకుపోయారు. వాటిని పత్రికలకు పంపారు. యుద్ధ వ్యతిరేకుల మీద, నల్లజాతి విద్యార్థుల మీద నిఘా ఎంత ముదిరిందో జనానికి తెలిసింది. 1975లో ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన సెనేట్ కమిటీ విచారణ మొదలైంది. ఆయన పేరు కూడా ఎన్‌ఎస్‌ఏ జాబితాలో ఉండేదన్న సంగతి 2013లో గానీ లోకానికి తెలియలేదు. చర్చ్ 1984లోనే పోయాడు. అదే 1975లో మన దేశంలో ఎమర్జెన్సీ. అక్కడ గూఢచారి సంస్థల్ని సెనేటర్లు నిలదీస్తుంటే ఇక్కడ ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉన్నారు.

సెనేట్ విచారణ ఫలితంగా 1978లో గూఢచర్యం కోసం ఫోన్లు వినడానికి కూడా ప్రత్యేక కోర్టు అనుమతి తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అధ్యక్షుడు బుష్ ఆ కోర్టును దాటేసి ఫోన్లు వినమని రహస్య ఉత్తర్వు ఇచ్చాడు. 2004 మార్చి 10 రాత్రి ఆపరేషన్ అయి ఆసుపత్రి మంచం మీదున్న అటార్నీ జనరల్ యాష్‌క్రాఫ్ట్ చేత పొడిగింపు సంతకం పెట్టించడానికి వైట్‌హౌస్ మనుషులు వెళ్ళారు. ఆయన తల పైకెత్తి, కుదరదన్నాడు. 2005 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఆ రహస్యాన్ని అచ్చేసింది. ప్రభుత్వం కోరిందని ఏడాదికి పైగా తొక్కిపెట్టాక వేసిన వార్త అది. మళ్ళీ డెట్రాయిట్‌కే కేసు. 2006 ఆగస్టులో జడ్జి ఆనా డిగ్స్ టేలర్ ఈ నిఘా రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ తీర్పును పై కోర్టు కొట్టేసింది. మీ ఫోన్లే విన్నారని మీ దగ్గర రుజువేది అని పిటిషనర్లను అడిగింది. చాటుగా విన్నదానికి విన్నవాడి దగ్గర తప్ప రుజువెక్కడుంటుంది?

2008లో అమెరికా కాంగ్రెస్ ఆ పద్ధతికి చాలావరకు చట్టబద్ధత కట్టబెట్టింది. విదేశాల్లో ఉన్న విదేశీయుల మీద నిఘాకు ఒక్కొక్కరి పేరున వారంటు అక్కర్లేదు. వాళ్ళతో మాట్లాడే అమెరికా పౌరుల మాటలూ దానితోపాటు చేరతాయి. ఆ రాశిలో అమెరికన్ల పేర్లు వెతకాలంటే వారంటు ఉండాలన్న సవరణ 2024 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభలో 212-212తో వీగిపోయింది. ఒక్క ఓటు తక్కువైంది.

ఇక మన దేశ చట్టంలో జడ్జి మొదటి నుంచీ లేడు. 1885 టెలిగ్రాఫ్ చట్టం కింద హోం కార్యదర్శి ఉత్తర్వు చాలేది. 1996లో మన సుప్రీంకోర్టు ఫోను సంభాషణ గోప్యతను గుర్తించి కొన్ని షరతులు పెట్టింది, జడ్జి ముందస్తు అనుమతిని మాత్రం తప్పనిసరి చెయ్యలేదు. ఆ ఉత్తర్వుల్ని సమీక్షించే కమిటీలో ఉండేదీ ప్రభుత్వ కార్యదర్శులే. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తేలినా, 2023 టెలికం చట్టం పాత దారే పట్టింది. రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారన్న ఆరోపణ మీద 2024లో హైదరాబాద్‌లో కేసు నమోదై పోలీసు అధికారులు అరెస్టయ్యారు. నిజానిజాలు కోర్టులు తేల్చాలి.

ఏ పార్టీ విన్నది, ఎవరిని విన్నది అన్న దగ్గరే మన చర్చ ఆగిపోతోంది. అధికారం మారితే వినేవాళ్ళూ మారతారు, వినడం ఆగదు. యుద్ధం వచ్చినప్పుడు నాయకుణ్ణి ప్రశ్నించినవాడిని దేశద్రోహి అనేముందు డెబ్స్‌నీ, కింగ్‌నీ తలుచుకోండి. ఓటడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీవాడైనా సరే, ఒక్క మాట అడగండి: ఫోను వినాలంటే జడ్జి అనుమతి తప్పనిసరి అని చట్టంలో రాయిస్తారా?