రెఫరీ పెద్ద టీమ్ దిక్కే మొగ్గుతడా?

మనం మెచ్చిన ఫుట్‌బాల్ టీమ్ ఓడంగనే "రెఫరీ అమ్ముడుపోయిండు" అంటం. ఇందుల నిజమెంత?

పైరవీ దొరికిపోయిన కేసు ఇటలీల ఉన్నది. 2006ల ఫోన్ రికార్డులు బయటపడ్డయి. ఏ మ్యాచ్‌కు ఏ రెఫరీని పంపాల్నో ఖరారు చేసే పెద్దలతోటి యువెంటస్ మేనేజర్ మాట్లాడుతుండె. ఆ క్లబ్ 2 టైటిళ్లు గుంజుకున్నరు, కింది డివిజన్‌కు దించిన్రు.

అసొంటివి అరుదు. ఎప్పుడూ ఉండేది జనం ఒత్తిడి. లివర్‌పూల్ సొంత మైదానంల ఆడిన మ్యాచ్ వీడియోను ఇంగ్లండ్‌ల 40 మంది రెఫరీలకు సూపెట్టిన్రు. కొందరికి జనం లొల్లి ఇనిపిచ్చిన్రు, కొందరికి లేదు. లొల్లి ఇన్నోళ్లు లివర్‌పూల్ మీద 15.5 శాతం తక్కువ ఫౌళ్లు ఇచ్చిన్రు. 2002ల అచ్చయిన పరిశోధన ఇది.

స్పెయిన్ లీగుల ఇంకో లెక్క తీసిన్రు. సొంతూరి టీమ్ ఒక్క గోలుతోటి ఎనుకబడ్డదంటె ఆఖర్ల సుమారు 4 నిమిషాలు కలుపుతరు. ఒక్క గోలు ముందుంటె 2 నిమిషాలే! 2020ల కరోనాతోటి స్టేడియాలు ఖాళీ అయినంక, బయటి టీములకు పడే పసుపు కార్డులు తగ్గినయి.

అట్లని పెద్ద టీముకు పెనాల్టీలు ఎక్కువొస్తె అంత మోసమే అనలేం. ఎక్కువ దాడి చేసెటోళ్లకు ఎక్కువొస్తయి.

వీడియో రెఫరీ వచ్చిండు గని, గోలు, పెనాల్టీ, రెడ్ కార్డు లెక్కన కొన్నే సూస్తడు. కలిపే నిమిషాలు మైదానంల రెఫరీ చేతులనే ఉన్నయి.

బెదిరిచ్చెటోడు లేకున్నా, గొంతు పెద్దగున్నోళ్ల దిక్కు ఇజిల్ ఒరుగుతది. అందుకే కారణం అందరి ముంగట చెప్పాలె. 2023 మహిళల వరల్డ్ కప్‌ల వీడియో సూసినంక రెఫరీలు తీర్పును మైకుల చెప్పిన్రు. ప్రతి లీగుల గట్లనే అడగాలె.