ఆ 24 కుందేళ్లలో ఏముంది?

ఆస్ట్రేలియాలో పెరట్లో నాలుగు మొక్కలు వేసుకున్నవాళ్లకైనా, వందల ఎకరాల రైతుకైనా కుందేలంటే హడలే. మొలకను మొదలంటా కొరికేస్తుంది. కరువొస్తే చెట్ల బెరడు చుట్టూరా గీకి తింటుంది, చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఇన్ని కుందేళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే అందరూ చెప్పేది ఒకటే పేరు: థామస్ ఆస్టిన్. విక్టోరియాలో బార్వన్ పార్క్ ఎస్టేటు ఆయనది. వేట సరదా కోసం 1859లో ఇంగ్లండు నుంచి కుందేళ్లు తెప్పించాడు. ఆ ఏడు క్రిస్మస్ రోజున మెల్‌బోర్న్‌లో ఓడ దిగినవి 24.

చిక్కంతా ఇక్కడే ఉంది. కుందేళ్లు ఆ నేల మీద మొదట దిగింది 1788లో. తొలి వలస నౌకల్లో ఐదు వచ్చాయి. 1859 లోపు కనీసం 90 సార్లు ఇంకా వచ్చాయి. డెబ్బై ఏళ్లపాటు అవేవీ ప్రధాన భూభాగాన్ని ముంచెత్తలేదు. ఆస్టిన్ కుందేళ్లు వచ్చాక మాత్రం ఏడాదికి సుమారు 100 కిలోమీటర్ల చొప్పున పాకి, యాభై ఏళ్లలో ఖండమంతా అల్లుకుపోయాయి.

ఈ తేడా ఎందుకో చెప్పే మొదటి ఆధారం పాత రాతల్లో దొరుకుతుంది. తొలి కుందేళ్లు మచ్చికైనవనీ, రంగురంగులవనీ, కొన్నిటికి చెవులు వేలాడేవనీ వాటిలో ఉంది. అంటే గూళ్లలో పెరిగిన పెంపుడు జాతి. నక్కకో డేగకో చిక్కకుండా బతకడం వాటికి చేతకాదు.

రెండోది ఆస్టిన్ కుటుంబంలో చెప్పుకున్న మాట. కుందేళ్లు పంపమంటే సోమర్సెట్‌లోని బాల్టన్స్‌బరోలో ఉన్న సోదరుడికి అడవి కుందేళ్లు ఆరే దొరికాయట. చాలక, ఊళ్లోవాళ్లు పెంచుకుంటున్న ఏడింటిని కొని కలిపాడు. దారిలోనే అవి ఈనాయి.

ఇంటి మాటను సాక్ష్యంగా నమ్మడమెలా? 2022లో పరిశోధకుడు జోయెల్ ఆల్వెస్ బృందం 187 కుందేళ్ల జన్యువులను పరిశీలించింది. ప్రధాన భూభాగపు కుందేళ్లలో చాలావాటి మూలాలు నైరుతి ఇంగ్లండులో, ఆస్టిన్ల సొంత ప్రాంతంలోనే తేలాయి. అడవి రక్తంతో పాటు పెంపుడు జాతి ఛాయా కనిపించింది. బార్వన్ పార్క్ నుంచి దూరం పోయేకొద్దీ జన్యు వైవిధ్యం తగ్గుతూ వచ్చింది. ఒక్కచోట మొదలై పాకిన దండు వదిలే జాడ అదే. పచ్చిక బయళ్లు పెరగడం, వేటాడే జంతువులను చంపేయడం కూడా వాటికి కలిసొచ్చాయి. కానీ అసలు నిప్పురవ్వ ఆ అడవి రక్తమేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కుందేళ్లను ఆపడానికి పశ్చిమ ఆస్ట్రేలియా 1901లో కంచె మొదలుపెట్టింది. 1907కి 1,833 కిలోమీటర్ల తీగ వల నిలబడింది. వల అంచును భూమిలోకి 15 సెంటీమీటర్లు దించారు. మన చేలల్లోని చెవులపిల్లి బొరియ తవ్వదు, పొదల చాటునే పడుకుంటుంది. ఈ ఐరోపా కుందేలు తవ్వుతుంది. అయినా ఏం లాభం? కంచె పూర్తికాకముందే కుందేళ్లు అవతలికి చేరిపోయాయి.

హెక్టారుకు ఒక్క కుందేలు కూడా లేనిచోట సైతం కొన్ని దేశవాళీ చెట్ల మొలకలు పైకి లేవలేవు. అందుకే అక్కడ మొక్కలు నాటేవాళ్లు ఇప్పటికీ ఒక్కో మొక్క చుట్టూ విడిగా గొట్టమో వలో కడతారు. తోట మొత్తానికి కంచె వేస్తే వల అడుగును బయటివైపుకి మడిచి మట్టి కప్పుతారు. కంచె మొదట్లో తవ్వబోయిన కుందేలు పంజాకు ఆ తీగే తగులుతుంది.